దుబాయ్‌కి ఒక్కటే రోజు ఉంటే: క్రీక్ నుంచి బుర్జ్ ఖలీఫా దాకా

హైదరాబాద్ నుంచి విమానంలో దాదాపు నాలుగు గంటలు. అమెరికాకో యూరప్‌కో వెళ్తూ దుబాయ్‌లో ఆగే తెలుగువాళ్లు ఎందరో. అక్కడ పనిచేసే కొడుకునో తమ్ముణ్నో చూడ్డానికి వెళ్లేవాళ్లూ తక్కువ కాదు. చేతిలో ఒక్క రోజే ఉన్నప్పుడు చాలామంది మాల్‌కి వెళ్లి, బుర్జ్ ఖలీఫా ఎక్కి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. అలా చూసినవాళ్లకి ఈ ఊరు చమురు డబ్బుతో ఇసుకలో లేచిన అద్దాల మేడల గుంపుగానే మిగిలిపోతుంది. దుబాయ్‌లో చమురు దొరికింది 1966లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఇది ముత్యాల ఊరు, పడవల ఊరు. ఊరు ఎలా పెరిగిందో అదే వరసలో చూడండి: పొద్దున పాత ఊరు, మధ్యాహ్నం ఏసీ నీడ, సాయంత్రం ఎత్తు మేడలు. ఎండకి సరిపోయే వరస కూడా ఇదే.

బయల్దేరే ముందు

విమానం మారడానికి మధ్యలో కనీసం పది గంటలు లేకపోతే ఈ ప్లాన్ పెట్టుకోకండి. ఎనిమిది గంటలే ఉంటే పొద్దుటి భాగం ఒక్కటి చేసుకోవచ్చు. వీసా మాత్రం ముందే చూసుకోవాలి. 48 గంటల ట్రాన్సిట్ వీసాకి ప్రభుత్వ ఫీజు లేదు, 96 గంటలదానికి 50 దిర్హాములు. సర్వీసు చార్జీలు వేరుగా పడతాయి. రెండింటికీ ఎయిర్‌లైన్ ద్వారా ముందుగానే దరఖాస్తు చేయాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డు గానీ ఉన్న భారతీయులకి అక్కడ దిగాక 14 రోజుల వీసా ఇచ్చే పద్ధతి ఉంది. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజే ఎయిర్‌లైన్ సైట్‌లో మరోసారి చూసుకోండి.

బ్యాగు సర్దేటప్పుడు గసగసాలు తీసి పక్కన పెట్టండి. ఇది మన ఇళ్లలో చాలామందికి తెలియదు. యూఏఈలో గసగసాలు నిషిద్ధ పదార్థం. అమ్మ ప్రేమగా కట్టిచ్చిన మసాలా పొడిలో అవి ఉన్నా విమానాశ్రయంలో పెద్ద చిక్కే. కోడీన్ ఉన్న దగ్గు మందులు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు కూడా ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. పెద్దవాళ్లు రోజూ వేసుకునే మందులుంటే డాక్టరు చీటీతో సహా ఒరిజినల్ స్ట్రిప్పుల్లోనే పెట్టండి.

నెల కూడా ముఖ్యమే. నవంబరు నుంచి మార్చి దాకా హాయిగా తిరగొచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, దానికి సముద్రపు ఉక్క తోడు. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట పని చేయించకూడదని అక్కడ ప్రభుత్వ నిబంధన. ఎండకి అలవాటుపడ్డ కార్మికులకే ఆ వేళ పని ఆపుతున్నారంటే, పిల్లల్ని వెంటబెట్టుకుని మనం ఆ టైములో రోడ్డు మీద ఉండకూడదు.

గడియారాన్ని గంటన్నర వెనక్కి తిప్పుకోండి. వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి గానీ వాట్సాప్ కాల్స్ మామూలుగా పనిచేయవు. ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పి వెళ్తే వాళ్లకి టెన్షన్ ఉండదు.

మొదటి అడుగు: నోల్ కార్డు, మెట్రో

రోజంతా మిమ్మల్ని తిప్పేది మెట్రోనే. 2009 సెప్టెంబరు 9న మొదలైన ఈ రైళ్లకి డ్రైవరు ఉండడు. రెడ్ లైను, గ్రీన్ లైను అని రెండున్నాయి, యూనియన్, బుర్జుమాన్ స్టేషన్లలో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారొచ్చు. మెట్రో చార్జీ కట్టడానికి వాడే సిల్వర్ నోల్ కార్డు ఏ స్టేషన్లోనైనా 25 దిర్హాములకి దొరుకుతుంది, అందులో 19 దిర్హాములు ప్రయాణానికే వాడుకోవచ్చు. మనిషికొక కార్డు ఉండాలి. ఒకే కార్డుతో ఇద్దరు లోపలికి వెళ్లడం కుదరదు. కార్డులో ఇంకొంచెం డబ్బు వేయించుకుంటే సాయంత్రం దాకా మళ్లీ క్యూలో నిలబడక్కర్లేదు.

రైల్లో తినకూడదు, తాగకూడదు, చూయింగ్ గమ్ కూడా నమలకూడదు. పట్టుబడితే 100 దిర్హాముల జరిమానా. ఆడవాళ్లకీ పిల్లలకీ కేటాయించిన పెట్టెలో మగవాళ్లు ఎక్కితే కూడా అంతే. ప్లాట్‌ఫారం మీద గులాబీ రంగు గుర్తు చూసుకుని నిలబడండి. కుటుంబంతో హడావుడిగా ఎక్కేటప్పుడు ఇది మర్చిపోతాం. ఆదివారం మెట్రో పొద్దున 8కి గానీ మొదలవదు, మిగతా రోజుల్లో 5 గంటలకే నడుస్తుంది.

టెర్మినల్ 1, 3 రెండింట్లోనూ రెడ్ లైను స్టేషన్లున్నాయి. టెర్మినల్ 2లో దిగితే టాక్సీయే. విమానాశ్రయం దగ్గర టాక్సీ ఎక్కితే మీటరు 25 దిర్హాములతో మొదలవుతుంది. మెట్రో అయితే రెడ్ లైనులో బుర్జుమాన్ దాకా వెళ్లి, గ్రీన్ లైనులోకి మారి, ఒక్క స్టేషను తర్వాత షరఫ్ డీజీలో దిగండి. అక్కణ్నుంచి పది నిమిషాల నడక.

రెండో అడుగు: అల్ ఫహీదీ, పొద్దున ఎనిమిదింటికల్లా

రోజు మొత్తంలో తీరిగ్గా గడపాల్సిన చోటు ఇది. దీని పాత పేరు బస్తకియా. ఇప్పటి ఇరాన్‌లో ఉన్న బస్తక్ ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడ్డ వర్తకుల ఇళ్లు ఇవి. సముద్రంలోంచి తీసిన పగడపు రాయి, జిప్సం కలిపి కట్టిన మందపాటి గోడలు, వాటి మధ్య ఇద్దరు పక్కపక్కన నడిస్తే నిండిపోయే సందులు. ఇరుగ్గా కట్టింది కావాలనే. ఒక గోడ నీడ ఎదుటి గోడ మీద పడుతుంది, సందులోకి ఎండ దిగే సమయం తగ్గుతుంది. ఎనిమిదింటికి వెళ్తే టూరిస్టు గుంపులు ఇంకా రావు, మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది.

తలెత్తితే ఇళ్లపైన చదరపు గోపురాల్లాంటివి కనిపిస్తాయి. అవి బర్జీల్, అంటే గాలి గోపురాలు. ఏదైనా ఒక ఇంట్లోకి వెళ్లి సరిగ్గా దాని కింద నిలబడి పైకి చూడండి. గోపురానికి నాలుగు వైపులా తెరిచిన నోళ్లుంటాయి. లోపల ఒక మూల నుంచి ఎదురు మూలకి అడ్డంగా రెండు గోడలు కోసుకుంటూ నాలుగు గొట్టాలుగా విడిపోతుంది. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా ఆ వైపు గోడకి తగిలి కిందికి జారుతుంది. గదిలోని వేడి గాలి రెండో వైపు నుంచి పైకి పోతుంది. తడి గుడ్డలు వేలాడదీస్తే వచ్చే గాలి ఇంకా చల్లగా ఉండేది. గోపురం కింద నిలబడి, తర్వాత రెండడుగులు పక్కకి జరిగి చూడండి, గాలి తేడా చర్మానికి తెలుస్తుంది. కరెంటు లేని రోజుల్లో ఈ ఎడారి తీరంలో మనుషులు ఎలా బతికారన్న ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు ఊళ్లో ఇంకెక్కడా దొరకదు.

టిఫిన్ ఇక్కడే చేయండి. పాత ఇళ్ల ముంగిళ్లలో నడిచే కేఫ్‌లలో ఎమిరాతీ, అంటే యూఏఈ స్థానికుల టిఫిన్ దొరుకుతుంది. బలాలీత్ అడగండి: కుంకుమపువ్వు, ఏలకులు వేసిన తియ్యటి సేమియా, దాని మీద ఆమ్లెట్. వినడానికి వింతగా ఉన్నా మొదటి ముద్దకే నచ్చేస్తుంది. ఇక్కడే ఉన్న షేక్ మొహమ్మద్ సాంస్కృతిక అవగాహన కేంద్రంలో స్థానిక ఎమిరాతీలతో కలిసి భోంచేస్తూ వాళ్ల ఆచారాల గురించి మాట్లాడే కార్యక్రమాలు జరుగుతాయి. ముందే బుక్ చేసుకోవాలి. దుబాయ్‌లో ఎమిరాతీలు చాలా తక్కువ శాతం, వాళ్లతో నేరుగా మాట్లాడే అవకాశం టూరిస్టులకి మామూలుగా రాదు. వీలుంటే వదులుకోకండి.

దగ్గర్లోనే 1787 నాటి అల్ ఫహీదీ కోట ఉంది, ఊళ్లో నిలిచి ఉన్న అతి పాత కట్టడం అదే. బయటి నుంచి చూసి ముందుకి సాగండి.

మూడో అడుగు: ఒక్క దిర్హాముకి క్రీక్ దాటడం

కోట వెనక నుంచి నీటి ఒడ్డుకి వస్తే బట్టల బజారు. అక్కడ దుకాణాల వాళ్లు శాలువా మెడలో వేసి ఫొటో తీసుకోమంటారు. కొనే ఉద్దేశం లేకపోతే నవ్వుతూ వద్దని చెప్పి నడవండి, ఆగితే బేరం మొదలైనట్టే. బజారు దాటగానే అబ్రా రేవు.

అబ్రా అంటే పైన చిన్న కప్పు తప్ప చుట్టూ గోడలేవీ లేని చెక్క పడవ. మధ్యలో పొడవాటి బల్ల ఉంటుంది. జనం దాని మీద వీపు వీపు ఆనించి, నీళ్ల వైపు తిరిగి కూర్చుంటారు. నడిపేవాడు నడి మధ్యలో ఒక గుంటలో నిలబడి, చేత్తో చక్రం తిప్పుతుంటాడు. టికెట్టూ కౌంటరూ ఏమీ ఉండవు. పడవ కదిలాక నాణేలు చేతికివ్వాలి, మనిషికి ఒక దిర్హాము. చిల్లర ముందే దగ్గర పెట్టుకోండి. పనికి వెళ్లేవాళ్లు, సైకిలు పట్టుకున్న కుర్రాడు, సంచులతో ఆడవాళ్లు, మధ్యలో మీరు. ఐదారు నిమిషాల్లో అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. ఊళ్లో ఖరీదైన పడవ షికార్లు చాలా ఉన్నాయి, నా లెక్కలో ఇదే అన్నిటికంటే గొప్పది.

ఈ నీరే దుబాయ్‌ని దుబాయ్ చేసింది. ఒకప్పుడు ముత్యాలు తీసే పడవలు ఇక్కణ్నుంచే బయల్దేరేవి. హైదరాబాద్‌లో నిజాముల కాలం నుంచీ పేరుపడ్డ బస్రా ముత్యాలు ఈ గల్ఫ్ జలాల్లో దొరికినవే. 1930ల్లో జపాన్ పెంపకపు ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. తర్వాత క్రీక్ ఇసుకతో పూడిపోతుంటే, చమురు ఇంకా దొరకని రోజుల్లోనే, పాలకుడు షేక్ రషీద్ అప్పు చేసి మరీ పూడిక తీయించారు. పెద్ద పడవలు లోపలికి రాగలిగాయి, వర్తకం నిలబడింది. 1966 దాకా ఇక్కడ చెలామణిలో ఉన్నది మన రూపాయే. 1959 నుంచి రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది. ముంబై రేవుతో ఈ ఒడ్డుకి ఎంత దగ్గరి సంబంధం ఉండేదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అవతలి ఒడ్డు పేరు దేరా. అక్కడ దిగాక ఒడ్డు వెంట కాసేపు నడవండి. చెక్క ధౌలు వరసగా కట్టేసి ఉంటాయి. గట్టు మీద ఫ్రిజ్‌లు, టైర్లు, బియ్యం బస్తాలు. ఇవి ప్రదర్శనకి పెట్టినవి కావు, సరుకు ఎక్కించుకుని ఇరాన్‌కో ఆఫ్రికా తీరానికో వెళ్లే పడవలే.

నాలుగో అడుగు: మసాలా బజారు, బంగారు బజారు

రేవు ఎదురుగానే మసాలా బజారు. కుంకుమపువ్వు, ఎండబెట్టిన నిమ్మకాయలు, గులాబీ మొగ్గలు, సాంబ్రాణి. మనకి తెలిసిన దినుసులే చాలా ఉంటాయి కాబట్టి ధర విషయంలో మోసపోయే అవకాశం తక్కువ. మొదట చెప్పిన రేటుకి సగంతో బేరం మొదలుపెట్టండి. ఎండు నిమ్మకాయలు మాత్రం కొనండి, మన దగ్గర సులభంగా దొరకవు. మాంసం కూరలో ఒకటి చిల్లు పొడిచి వేస్తే వాసనే మారిపోతుంది.

అక్కణ్నుంచి కొద్ది దూరంలో బంగారు బజారు. ఇక్కడి ఒక దుకాణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద బంగారు ఉంగరం పెట్టారు, రాళ్లతో కలిపి సుమారు 64 కిలోలు. ఆ రోజు గ్రాము రేటు దుకాణాల్లో బోర్డు మీద ఉంటుంది. బంగారం రేటు మీద బేరం ఆడినా లాభం లేదు, బేరమంతా మజూరీ మీదే. ఒక దుకాణంలో అడిగిన మజూరీని ఇంకో రెండు దుకాణాల్లో పోల్చి చూడండి. కొనేముందు ఒక సంగతి: సుంకం లేకుండా నగలు తెచ్చుకునే వెసులుబాటు విదేశంలో ఏడాదికి పైగా ఉన్నవాళ్లకే. ఒక్క రోజు చూడ్డానికి వెళ్లినవాళ్లకి అది వర్తించదు. "దుబాయ్‌లో కొంటే చవక" అన్న మాట కస్టమ్స్ లెక్క కలిపాక నిలబడుతుందో లేదో చూసుకుని కొనండి.

ఇక్కడి దుకాణాలు చాలావరకు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. శుక్రవారం నమాజు వేళ మరీ ఎక్కువ. పన్నెండు లోపు ఈ అడుగు పూర్తి కావాలి.

ఐదో అడుగు: కరామాలో భోజనం

గోల్డ్ సూక్ స్టేషన్లో గ్రీన్ లైను ఎక్కి బుర్జుమాన్‌లో మారి, రెడ్ లైనులో ఒక స్టేషను తర్వాత ఏడీసీబీలో దిగితే కరామా. ఆంధ్రా భోజనం, హైదరాబాదీ బిర్యానీ, కేరళ చేపల కూర, అన్నీ మామూలు ధరలకే దొరికే పేట. కరివేపాకు, గోంగూర అమ్మే కిరాణా కొట్లు కూడా ఉన్నాయి.

ఈ చుట్టుపక్కల వీధుల్లో తెలుగు చెవిన పడుతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన అన్నలు ఎందరో ఇక్కడి కట్టడాల్లో, గోదాముల్లో, హోటళ్లలో పనిచేస్తున్నారు. సాయంత్రం మనం తలెత్తి చూడబోయే మేడలు కట్టిన చేతుల్లో వాళ్ల చేతులూ ఉన్నాయి. పక్క టేబుల్ దగ్గర మనవాళ్లు కనిపిస్తే పలకరించండి. "ఏ ఊరన్నా?" అన్న ఒక్క మాటకి ముఖం ఎలా వెలిగిపోతుందో మీరే చూస్తారు. ఊరి గురించి ఏ పుస్తకంలోనూ లేని సంగతులు వాళ్లకే తెలుసు. ఫొటోలు మాత్రం అడక్కుండా తీయకండి. అక్కడ ఒకరి ఫొటో అనుమతి లేకుండా తీయడం చట్టప్రకారం నేరం, ఆడవాళ్ల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఆరో అడుగు: దుబాయ్ ఫ్రేమ్

కరామా నుంచి టాక్సీలో కాసేపే. జబీల్ పార్కులో 150 మీటర్ల ఎత్తు, 93 మీటర్ల వెడల్పున్న బంగారు రంగు ఫ్రేము ఇది, 2018 జనవరి 1న తెరిచారు. టికెట్ సుమారు 50 దిర్హాములు. లిఫ్టులో పైకి వెళ్తే ఒక వైపు కిటికీల్లోంచి పొద్దున మీరు నడిచిన దేరా, అల్ ఫహీదీ ఉన్న బుర్ దుబాయ్, మధ్యాహ్నం తిన్న కరామా కనిపిస్తాయి. వెనక్కి తిరిగితే షేక్ జాయెద్ రోడ్డు మేడలు, వాటి మధ్య బుర్జ్ ఖలీఫా. మధ్యలో నేల అద్దమే. ఎత్తంటే భయమున్నవాళ్లు అంచు మీదుగా నడవొచ్చు.

ఖర్చు చూసుకోవాల్సి వచ్చి రెండింట్లో ఒకటే ఎక్కగలిగితే నేను ఫ్రేమ్‌నే ఎంచుకోమంటాను. బుర్జ్ ఖలీఫా పైకెక్కితే బుర్జ్ ఖలీఫా కనిపించదు కదా! పైగా టికెట్ కొన్ని రెట్లు ఎక్కువ. కింద నుంచి దాన్ని చూడ్డానికి పైసా ఖర్చు లేదు.

ఏడో అడుగు: సాయంత్రం బుర్జ్ ఖలీఫా

ఫ్రేమ్‌కి దగ్గరున్న మాక్స్ స్టేషన్లో రెడ్ లైను ఎక్కండి, ఎడమ వైపు కిటికీ పట్టుకోండి. ఎమిరేట్స్ టవర్స్ స్టేషన్ దగ్గర మ్యూజియం ఆఫ్ ది ఫ్యూచర్ పక్కనుంచే రైలు వెళ్తుంది. మధ్యలో ఖాళీ ఉన్న వెండి కన్ను లాంటి ఆ కట్టడం ఒంటి నిండా అరబిక్ అక్షరాలే. ఆ అక్షరాలే దానికి కిటికీలు. 2022 ఫిబ్రవరి 22న తెరిచారు. లోపలికి వెళ్లాలంటే ముందే టికెట్ బుక్ చేసుకోవాలి, రెండు మూడు గంటలు పడుతుంది. ఒక్క రోజు ప్లాన్‌లో రైల్లోంచి చూస్తే చాలు.

బుర్జ్ ఖలీఫా, దుబాయ్ మాల్ స్టేషన్లో దిగాక మాల్ దాకా ఏసీ వంతెన మీద నడక ఉంది, ముప్పావు కిలోమీటరు పైనే. కదిలే నడక దారులున్నా పెద్దవాళ్లుంటే పావుగంట అదనంగా లెక్కేసుకోండి. 1,200కి పైగా దుకాణాలున్న మాల్‌లో తిరగడం మొదలుపెడితే రోజు అక్కడే అయిపోతుంది. అక్వేరియం ముందు గోడ అద్దం దగ్గర పిల్లల్ని కాసేపు నిలబడనివ్వండి, దానికి టికెట్ అక్కర్లేదు.

2010 జనవరి 4న తెరిచిన బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. 124, 125 అంతస్తులకి ఒక టికెట్, 148కి ఇంకా ఖరీదైనది. 124 చాలు. లిఫ్టు నిమిషంలో తీసుకెళ్తుంది, చెవులు మూసుకుపోతే గుటక వేయండి. సూర్యాస్తమయం టైముకి ధర ఎక్కువ, టికెట్లు ముందే అయిపోతాయి. చలికాలంలో ఐదున్నర, ఎండాకాలంలో ఏడు దాటాక పొద్దు వాలుతుంది. దానికి గంట ముందు స్లాట్ తీసుకుంటే పగలు, సంధ్య, దీపాలు మూడూ చూడొచ్చు. ఈ మేడ ఎంత ఎత్తంటే, రంజాన్‌లో కింద సూర్యుడు అస్తమించాక కూడా పై అంతస్తుల వాళ్లకి కనిపిస్తూనే ఉంటాడు. అందుకే 80వ అంతస్తు పైన ఉన్నవాళ్లు రెండు నిమిషాలు, 150 పైన ఉన్నవాళ్లు మూడు నిమిషాలు ఆగి ఉపవాసం విడవాలని అక్కడి మతపెద్దలు చెప్పారు.

దిగాక, మేడ కింది కొలనులో పాటలకి ఆడే దుబాయ్ ఫౌంటెన్. 2025లో కొన్ని నెలలు మూసి, బాగు చేసి అక్టోబరులో మళ్లీ తెరిచారు. సాయంత్రం నుంచి అరగంటకోసారి ఆట ఉంటుంది, నిలబడి చూడ్డానికి డబ్బులక్కర్లేదు. మాల్ గుమ్మం ముందే గుంపుగా ఆగిపోకుండా సూక్ అల్ బహర్ వైపు వెళ్లే వంతెన దాకా నడవండి, అక్కడ నీరూ మేడా రెండూ ఒకేసారి కంటికి అందుతాయి. ఒక ఆట చూసి వెళ్లిపోకండి, పాట మారితే నీళ్ల నడకా మారుతుంది. రెండోది కూడా చూడండి.

ఈ రోజులో పెట్టుకోకూడనివి

పామ్ జుమేరా, మెరీనా, ఎడారి సఫారీ. సఫారీ బండ్లు మధ్యాహ్నం మూడింటికే వచ్చి ఎక్కించుకుంటాయి, తిరిగి రాత్రికే దింపుతాయి. అది పెట్టుకుంటే సాయంత్రం మొత్తం పోయినట్టే. మెరీనా ఊరికి ఇంకో చివర ఉంది. వీటికి రెండో రోజు కావాలి.

తిరుగు ప్రయాణం

ఫౌంటెన్ ఆట అవగానే అందరూ ఒక్కసారిగా మెట్రో వంతెన మీదికి వస్తారు. ఆట మధ్యలో బయల్దేరితే నడక తేలిక. విమానాశ్రయానికి సెంటర్‌పాయింట్ వైపు వెళ్లే రెడ్ లైను రైలు ఎక్కాలి, అరగంటలోపు టెర్మినల్ 3 చేరుతారు. మామూలు రోజుల్లో అర్ధరాత్రి దాకా, శుక్రవారం రాత్రి ఒంటిగంట దాకా రైళ్లుంటాయి. విమానానికి మూడు గంటల ముందు అక్కడుండేలా లెక్కేసుకోండి. నోల్ కార్డు ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి పారేయకండి. అక్కడ ఉండే బంధువుకిచ్చినా, అమెరికా నుంచి తిరిగొచ్చేటప్పటికి దాచుకున్నా మిగిలిన డబ్బు అందులోనే ఉంటుంది.